పూచీకత్తు ఎవరిస్తారు?

మూసాపేటలో మియాపూర్ నుంచి వచ్చే మెట్రో ఎక్కితే రెండో స్టేషన్ ఎర్రగడ్డ. అక్కడి ప్రభుత్వ మానసిక ఆసుపత్రిని బస్తీల్లో ఇప్పటికీ ‘పిచ్చాసుపత్రి’ అనే అంటారు. మేం ఆ మాట వాడం. నేరారోపణతో ఇలాంటి ఆసుపత్రులకు వెళ్లి కోలుకున్న మనిషి వాడకు తిరిగొస్తున్నాడంటే అందరూ అడిగేది ఒక్కటే: మళ్లీ ఏమైనా చేస్తాడా? అడగడంలో తప్పులేదు. చట్టం చూపే జవాబే పేదలకు అందడం లేదు.

చేస్తున్నదేమిటో తెలియని స్థితిలో నేరం జరిగిందని తేలితే బీఎన్ఎస్ 22వ సెక్షన్ (పాత ఐపీసీ 84) కింద నిర్దోషి. అయినా నేరుగా ఇంటికి పంపరు. బీఎన్ఎస్ఎస్ 374 (పాత సీఆర్పీసీ 335) ప్రకారం సురక్షిత నిర్బంధంలో ఉంచాలి, లేదా బంధువుకో స్నేహితుడికో అప్పగించాలి. తీసుకెళ్లేవాళ్లు కోర్టుకు నమ్మకం కలిగేలా పూచీకత్తు ఇవ్వాలి. ఇలాంటి కేసుల్లో దెబ్బతిన్నది తరచుగా సొంత ఇంటివాళ్లే. వాళ్లనే వచ్చి పూచీ పడమంటే?

అస్సాం ఆదివాసీ మచాంగ్ లాలుంగ్‌ను 1951లో అరెస్టు చేసి తేజ్‌పూర్ మానసిక ఆసుపత్రికి పంపారు. 1967లో డాక్టర్లు బాగయ్యాడన్నారు. ఇంటికి పంపకుండా గువాహటి జైలుకు మార్చారు. బయటికొచ్చింది 2005లో, రూపాయి సొంత పూచీకత్తు మీద. మధ్యలో 54 ఏళ్లు.

మరి ప్రమాదం మాటేమిటి? అది పరిస్థితిని బట్టి పెరుగుతుంది, తగ్గుతుంది. మందులు ఆగడం, మద్యం, గంజాయి, రోజుల తరబడి నిద్రలేమి, ఫలానా మనిషి తనను చంపాలని చూస్తున్నాడన్న నమ్మకం మళ్లీ మొదలవడం ముందుగా కనబడే గుర్తులు. మొదటి ఘటనకు ముందు ఏం జరిగిందో ఇంటివాళ్లను అడిగి రాసి పెట్టుకోవాలి. మందులు మానేయడాన్ని మొండితనం అనేస్తాం గానీ, అడ్డా కూలీకి ఓపీ రోజంటే కూలి పోయిన రోజు. మందు మత్తుతో సెంట్రింగ్ ఎక్కలేడు. ఆ సంగతి డాక్టరుకు చెబితే మోతాదు మార్చవచ్చు, కొందరికి రెండు నాలుగు వారాలకోసారి ఇచ్చే ఇంజెక్షన్ సరిపోతుంది. దెబ్బతిన్నవాళ్లు అదే గల్లీలో ఉంటే అతను కొన్నాళ్లు వేరేచోట ఉండడమే మేలు. కులం అడిగి గది ఇచ్చే ఊళ్లో, కేసూ జబ్బూ ఉన్న దళితుడికి ఆ చోటు దొరకడమే కష్టం.

ఇంగ్లండ్‌లో షరతులతో విడుదల చేస్తే సైకియాట్రిస్టూ, సామాజిక పర్యవేక్షకుడూ వెన్నంటి ఉంటారు, అవసరమైతే వెనక్కి పిలుస్తారు. ఇక్కడ ఆ పనంతా తల్లి మీదో భార్య మీదో పడుతోంది.

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017, 19వ సెక్షన్ ప్రకారం కుటుంబం లేదనో, తీసుకెళ్లలేదనో ఎవరినీ ఆసుపత్రిలో ఉంచేయకూడదు. హాఫ్‌వే హోమ్‌లు ప్రభుత్వ బాధ్యత. విడుదలకు ముందు ప్రణాళిక వేయాలని 98వ సెక్షన్ చెబుతుంది. ఎస్సీ, ఎస్టీలకూ, కస్టడీలో ఉన్నవాళ్లకూ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది: 15100. మానసిక సహాయానికి టెలీ మానస్: 14416. విడుదల దరఖాస్తు వేసేటప్పుడే ఎక్కడ ఉంటాడు, మందులు ఎవరు తెస్తారు, గుర్తులు కనబడితే ఎవరికి ఫోన్ చేయాలి అన్నది ఒక కాగితం మీద రాసి లాయరు చేతికివ్వండి.