దూదేకుల విల్లు

మా జేజినాయన విల్లు ఆరడుగుల పైమాటే. ఒక కొసన వెడల్పాటి చెక్క, ఆ కొసనుంచి ఈ కొసకు బిగించిన నరం. నరాన్ని పత్తికి ఆనించి కొయ్య గూటంతో కొడితే ‘టుంయ్’మని మోగేది. ఆ అదురుకు ముద్దకట్టిన పత్తి విడిపోయి పైకి లేచేది. గింజనలుసులు కింద రాలేవి, నుసి ఆయన గొంతులోకి పోయేది. ముక్కుకు తుండుగుడ్డ కట్టుకున్నా దగ్గు తప్పలేదు.

పరుపులు కుట్టడమే మా కులవృత్తి అనుకుంటారు జనం. అంతకుముందు మావాళ్లకు గిరాకీ రాట్నాల దగ్గర ఉండేది. ఏకిన దూదిని ఏకులుగా చుట్టి ఇస్తే ఇంటింటా ఆడవాళ్లు నూలు వడికేవాళ్లు. 19వ శతాబ్దంలో ఇంగ్లండు మిల్లునూలు వచ్చిపడ్డాక రాట్నాలు అటకెక్కాయి. నేతగాళ్ల గోడు పుస్తకాలకెక్కింది. ఏకులిచ్చినవాడి గోడు మటుకు ఎవరికి పట్టింది? 1901 మద్రాసు జనాభా లెక్కల నాటికి మావాళ్లు పత్తి ఏకుతూ, తాళ్లూ నవారూ అల్లుకుంటూ బతుకుతున్నారు.

ఇంట్లో తెలుగే. పేర్లు మస్తానప్ప, హుస్సేనమ్మ. ఉర్దూ రాదు కాబట్టి షేకులూ సయ్యదులూ పిల్లనివ్వరు, ఊళ్లోవాళ్లకేమో మేము సాయిబులం. వీరబ్రహ్మంగారి శిష్యుడు సిద్దయ్య దూదేకులవాడని అందరూ గొప్పగా చెబుతారు. ఆ గొప్ప పెళ్లిసంబంధాల దాకా ఎప్పుడూ రాలేదు లెండి. మా చిన్నాయన కులపత్రానికి పోతే, ‘పేరు చూస్తే అప్ప, మాట చూస్తే తెలుగు, నువ్వు దూదేకులవాడివని నమ్మేదెట్లా?’ అన్నాడట గుమస్తా. మూడుసార్లు తిప్పించుకున్నాక గానీ సంతకం పడలేదు.

2007లో ముస్లింలలోని వెనకబడిన వర్గాలకు బీసీ-ఈ కింద 4 శాతం రిజర్వేషన్ ఇచ్చారు. అందులో మేము లేము, అంతకుముందునుంచే బీసీ-బీలో ఉన్నాం. ‘మీకేం, ఎప్పుడో వచ్చిందిగా’ అంటారు. ఆ జాబితాలో మా పక్కనున్నది పద్మశాలీలు, గౌడులు, విశ్వబ్రాహ్మణులు. పత్తి సీజనులో తండ్రి వెంట విల్లు మోసుకుంటూ ఊళ్లు తిరిగిన పిల్లవాడికి బడి ఎక్కడిది? వాడు ఎవరితో పోటీపడాలి?

తరవాత ఏకే మిషన్లొచ్చాయి, వాటి వెనకే ఫోమ్ పరుపులు. మిషను కొనాలంటే చేతిలో డబ్బుండాలి, బజార్లో చోటుండాలి, కరెంటుండాలి. ఆ మూడూ సమకూరినవాళ్లు షాపులు పెట్టుకున్నారు. మా నాన్నకు ఒక్కటీ కుదరలేదు. వేరేవాళ్ల షాపులో పరుపుకింత అని కూలికి కుట్టాడు.