పాత రాతి కమాను వంతెనల పటిష్ఠత: కంప్యూటర్ నమూనాలతో అంచనా

రాతితోను, ఇటుకతోను నిర్మించిన పాత కమాను వంతెనలు దేశంలోని రహదారులపైన, రైలు మార్గాలపైన నేటికీ వినియోగంలో ఉన్నాయి. నిర్మాణ కాలంలో ఊహించని భారీ వాహనాలు వీటిపై రాకపోకలు సాగిస్తున్నాయి. పలు వంతెనలకు మూల నక్షాలు లభ్యం కావు. ఏ వంతెనను యథాతథంగా కొనసాగించాలి, దేనిపై భార పరిమితి విధించాలి, దేనిని మూసివేయాలి అన్న నిర్ణయాలకు కంప్యూటర్ నమూనాలు తోడ్పడుతున్నాయి. వాటి పనితీరు, పరిమితుల వివరాలు ఈ విధంగా ఉన్నాయి.

కమాను నిలిచే తీరు

కమానులోని రాళ్లు ఒకదానినొకటి నొక్కుకొంటూ పైభారాన్ని స్తంభాలకు, ఒడ్డు గోడలకు చేరవేస్తాయి. వేలాడే గొలుసును తలకిందులు చేస్తే ఏర్పడే ఆకృతిలో కమాను నిలబడుతుందని రాబర్ట్ హుక్ 1675లోనే సూచించారు. జాక్వెస్ హేమన్ 1966లో ఈ అవగాహనకు ఆధునిక సిద్ధాంత రూపమిచ్చారు. రాతి కట్టడం లాగుడు బలాన్ని తట్టుకోలేదని, నొక్కుడు బలానికి నలగదని, రాళ్లు ఒకదానిపై ఒకటి జారవని ఆయన ప్రాతిపదికలు. బలం ప్రవహించే రేఖ కమాను మందంలోనే ఉన్నంతవరకు వంతెన నిలుస్తుంది. ఆ రేఖ అంచును తాకినచోట కీలు ఏర్పడుతుంది. ఒకే కమానులో సాధారణంగా నాలుగు కీళ్లు ఏర్పడితే అది కూలుతుంది. అందువల్ల పగులు కనిపించినంత మాత్రాన వంతెన ప్రమాదంలో ఉన్నట్లు భావించనక్కరలేదు.

కంప్యూటర్ విధానాలు

ప్రస్తుతం ప్రధానంగా మూడు విధానాలు వాడుకలో ఉన్నాయి. రాళ్లను దృఢమైన దిమ్మెలుగా భావించి, కూలడానికి అవసరమైన కనీస భారాన్ని లెక్కించే పద్ధతి మొదటిది. దీనిని ఆర్.కె. లివ్‌స్లీ 1978లో గణిత రూపంలో ప్రతిపాదించారు. కట్టడాన్ని చిన్న చిన్న భాగాలుగా విభజించి పగుళ్లను, వంపులను గణించే ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి రెండవది. ప్రతి రాయి కదలికను విడిగా అనుసరించే డిస్క్రీట్ ఎలిమెంట్ పద్ధతి మూడవది. దీనికి పీటర్ కండాల్ 1971లో శ్రీకారం చుట్టారు. చివరి రెండు పద్ధతులు ఎక్కువ వివరాలను అందిస్తాయి. అయితే రాయి, సున్నం, లోపలి మట్టి గుణాల సమాచారం వాటికి అంతే ఎక్కువగా అవసరమవుతుంది.

కొలతలే కీలకం

రెండో ప్రపంచ యుద్ధకాలంలో సైనిక వాహనాల కోసం బ్రిటన్‌లో రూపొందిన మెక్సీ పద్ధతి ప్రాథమిక అంచనాకు నేటికీ ఉపయోగపడుతోంది. కమాను మందాన్ని, దానిపై పూడిక లోతును మీటర్లలో కూడి, ఆ మొత్తాన్ని వర్గం చేసి 740తో హెచ్చించాలి. దానిని కమాను వెడల్పు యొక్క 1.3 ఘాతంతో భాగించగా వచ్చేది టన్నులలో తాత్కాలిక ఇరుసు భారం. ఆకృతి, కీళ్లు, స్థితిగతులను బట్టి దానిని తర్వాత సవరిస్తారు.

ఉదాహరణకు 6 మీటర్ల కమానుకు మందం 0.45 మీటర్లు, పూడిక 0.30 మీటర్లు అయితే తాత్కాలిక భారం సుమారు 40 టన్నులు. మందం వాస్తవంగా 0.35 మీటర్లే అయితే అది 30 టన్నులకు తగ్గుతుంది. వంతెన ముఖభాగంలో కనిపించే రాళ్ల మందమే లోపలా ఉంటుందన్న హామీ లేదు. పలు వరుసల ఇటుక కమానులలో వరుసల మధ్య సున్నం రాలిపోతే బలం మరింత తగ్గుతుంది. కాబట్టి రాడార్ పరీక్ష, లోపలి నమూనాల సేకరణ లేకుండా తయారైన కంప్యూటర్ నమూనా ఎంత సూక్ష్మమైనదైనా దాని ఫలితం ఊహగానే మిగులుతుంది.

నమూనాకు అందని ముప్పు

2016 ఆగస్టు 2 రాత్రి మహారాష్ట్రలోని మహాడ్ వద్ద సావిత్రి నదిపై 1928 నాటి రాతి కమాను వంతెన వరద ఉధృతికి కూలిపోయింది. రెండు ప్రయాణికుల బస్సులు సహా వాహనాలు కొట్టుకుపోయాయి. మరోవైపు హైదరాబాద్‌లో ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో, 1578లో, 22 కమానులతో నిర్మించిన పురానాపూల్ 1908 సెప్టెంబరు నాటి మూసీ వరదను ఎదుర్కొని కూడా నిలిచింది. వాహన భారాన్ని మాత్రమే లెక్కించే నమూనా పునాది కింద నీటి కోతను పసిగట్టలేదు. స్తంభం కొద్దిగా కుంగినా, పక్కకు జరిగినా బలరేఖ మారిపోతుంది.

ఈ కారణంగా పైభారపు లెక్క, పునాది తనిఖీ అనేవి పరస్పర పూరకాలే తప్ప ఒకదానికొకటి ప్రత్యామ్నాయాలు కావు. వర్షాకాలానికి ముందు, భారీ వరద తగ్గిన వెంటనే నదీగర్భపు లోతును కొలిచి, పాత కొలతలతో పోల్చవలసి ఉంటుంది. ఈ రెండు నివేదికలూ అనుకూలంగా ఉన్నప్పుడే పాత వంతెనను సురక్షితమైనదిగా పరిగణించడం సమంజసం.