బీరుకు చేదు ఎందుకు వచ్చింది?

బీరు మొదటినుండీ చేదు పానీయం కాదు. మధ్యయుగాల ఐరోపాలో మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ రసానికి ‘గ్రూట్’ అనే మూలికల మిశ్రమం చేర్చి పులియబెట్టేవారు. ఇంగ్లండులో హాప్ పూలు వేయని పానీయాన్ని ‘ఏల్’ అనేవారు. అది కొద్ది రోజులకే పులిసిపోయేది.

హాప్ గంజాయి కుటుంబపు తీగ. దాని ఆడపూలలోని పసుపుపచ్చని పొడిలో ఆల్ఫా ఆమ్లాలుంటాయి. గంటసేపు మరిగిస్తే అవి రూపు మారి, చేదునిస్తూ రసంలో కరుగుతాయి. పాలను తోడుపెట్టే లాక్టోబాసిల్లస్ జాతి సూక్ష్మజీవులే బీరును కూడా పులుపెక్కిస్తాయి. ఈ చేదు వాటిని అణచి, ఈస్టును మాత్రం వదిలేస్తుంది. సూక్ష్మజీవుల ఊసే తెలియని 12వ శతాబ్దంలో జర్మన్ సన్యాసిని హిల్డెగార్డ్, హాప్ చేదు పానీయాలను చెడిపోనివ్వదనీ, తాగినవారిలో మాత్రం విషాదాన్ని పెంచుతుందనీ వ్రాసింది!

1516లో బవేరియా శాసనం బీరులో బార్లీ, హాప్స్, నీరు తప్ప మరేమీ వాడరాదన్నది. ఇంగ్లండులో 1542లో వైద్యుడు ఆండ్రూ బోర్డ్, బీరు డచ్చివారి పానీయమనీ, పొట్ట పెంచుతుందనీ తిట్టిపోశాడు. (పొట్ట విషయంలో ఆయనతో నాకు పేచీ లేదు.) అయినా హాప్ గెలిచింది. కారణం రుచి కాదు, లెక్క. ఒక బుషెల్ ధాన్యంతో ఏల్ 8, 9 గాలన్లే వస్తే, బీరు 18, 20 గాలన్లు వస్తుందని 1574లో రెజినాల్డ్ స్కాట్ వ్రాశాడు. నిల్వ కోసం ఏల్‌ను ఘాటుగా కాయవలసి వచ్చేది. హాప్ ఉంటే పలుచని బీరు కూడా నిలిచేది. తరువాతి కాలంలో కలకత్తా, మద్రాసులకు ఓడలలో వచ్చిన బీరులో హాప్స్ మరింత దట్టించేవారు.

20వ శతాబ్దంలో కెంట్‌లోని వై కళాశాల ఆచార్యుడు సామన్, కెనడాలోని మానిటోబా అడవి హాప్ సంతతి నుండి చేదు మెండైన ‘బ్రూవర్స్ గోల్డ్’ను రూపొందించాడు. నేటి చేదు రకాలకు అది మూలపురుషుని వంటిది. చెక్ దేశపు ‘సాజ్’లో ఆల్ఫా ఆమ్లాలు 3, 4 శాతమే, సువాసనకు దానికి పేరు. జర్మనీ ‘మాగ్నమ్’లో 12 నుండి 14 శాతం. అంత చేదుకు సాజ్ మూడు నాలుగు రెట్లు కావాలి. అందుకే ఇంట్లో బీరు కాచుకొనేవారు పొట్లంపై ఆల్ఫా శాతం చూసి, చేదుకొక రకం, వాసనకొక రకం ఎంచుకుంటారు. విదేశాలలోని మనవారిలో కొందరికి ఇది చట్టబద్ధమైన సరదా. మన దేశంలో అనుమతి లేకుండా కాయడం నేరం.

చేదు కనుక ఒంటికి మంచిదని, వేపాకు, కాకరకాయల సరసన బీరును చేర్చేవారున్నారు. హాప్ కాపాడేది బీరును, తాగేవానిని కాదు. మద్యపానాన్ని క్యాన్సరు కారకాలలో అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 1988లోనే చేర్చింది. ఇంకొక జాగ్రత్త: వడగట్టిన హాప్ పిప్పిని పెంపుడు కుక్కకు అందనీయకండి. తింటే శరీర ఉష్ణోగ్రత విపరీతంగా పెరిగి, ప్రాణం పోవచ్చు.