బిల్డ్ టూల్ నుంచి షెల్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ మార్పు

బిల్డ్ టూల్ తనను నడిపించిన షెల్‌లోని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను మార్చలేదు. తాను నడిపే ప్రోగ్రాములకు మాత్రం ఏ విలువనైనా ఇవ్వగలదు. యూనిక్స్, లినక్స్ వ్యవస్థల్లో ఇదే నియమం.

భూభౌతిక శాస్త్రంలో దీనికి మంచి ఉదాహరణ ఉంది. భూమి పొరల గుండా వచ్చిన తరంగాలను విశ్లేషించడానికి ప్రపంచమంతటా వాడే ఉచిత సాఫ్ట్‌వేర్లలో కొలరాడో స్కూల్ ఆఫ్ మైన్స్ వారి సీస్మిక్ యూనిక్స్ ఒకటి. దాన్ని ‘మేక్’ అనే బిల్డ్ టూల్‌తో కంపైల్ చేస్తారు. అంతకు ముందే సీడబ్ల్యూపీరూట్ అనే వేరియబుల్‌లో ఫోల్డర్ చిరునామా పెట్టి, అందులోని బిన్ ఫోల్డర్‌ను పాత్‌కు చేర్చాలి. ఆ పని కూడా మేకే చేసిపెడితే పోదా అని కొత్తవారికి అనిపించడం సహజం.

చేయలేదు. షెల్ ఒక కమాండ్‌ను నడిపేటప్పుడు ఫోర్క్‌తో పిల్ల ప్రాసెస్‌ను పుట్టించి, ఎగ్జెక్‌తో అందులోకి ప్రోగ్రామును ఎక్కిస్తుంది. పిల్లకు చేరేది తల్లి వేరియబుల్స్ నకలు మాత్రమే. జిరాక్స్ కాపీ మీద ఎంత దిద్దినా అసలు కాగితం మారదు. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ ఏర్పాటు 1979 నాటి ఏడవ ఎడిషన్ యూనిక్స్‌తో వచ్చింది. మేక్ అంతకంటే పాతది. బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ 1976లో రాశాడు.

మేక్‌లో మరో చిక్కుంది, ఎక్కువ మంది తడబడేది ఇక్కడే. మేక్‌ఫైల్ రెసిపీలోని ఒక్కో వరుస ఒక్కో కొత్త షెల్‌లో నడుస్తుంది. మొదటి వరుసలో ఎక్స్‌పోర్ట్ చేసిన విలువ రెండో వరుసకు ఉండదు. రెండు కమాండ్లనూ ఒకే వరుసలో కలపాలి, లేదా రెసిపీకి బయట, మేక్‌ఫైల్‌లోనే ఎక్స్‌పోర్ట్ రాయాలి. రెసిపీలో షెల్ వేరియబుల్‌ను పిలవాలంటే డాలర్ గుర్తు రెండుసార్లు పెట్టాలి. ఒక్కటే పెడితే మేక్ దాన్ని తన వేరియబుల్‌గా చదువుకుంటుంది. మామూలుగా షెల్ నుంచి వచ్చిన విలువ కంటే మేక్‌ఫైల్‌లో రాసినదే చెల్లుతుంది. దాన్నీ మించేది కమాండ్ లైన్‌లో ఇచ్చిన విలువ.

తల్లి షెల్‌లోనే మార్పు కావాలంటే, టూల్ ఆ విలువలను ఒక ఫైల్‌లో రాయాలి. వాడుకరి దాన్ని సోర్స్ కమాండ్‌తో తన షెల్‌లోకి చదివించుకోవాలి. ఎస్‌ఎస్‌హెచ్ కీలను చూసుకునే ఎస్‌ఎస్‌హెచ్ ఏజెంట్ అయితే కమాండ్లను అవుట్‌పుట్‌గా రాస్తుంది, షెల్ వాటిని ఇవాల్‌తో అమలు చేస్తుంది. షెల్ మొదలయ్యేటప్పుడు చదివే బాష్‌ఆర్‌సీ ఫైల్‌ను వాడుకరిని అడగకుండా దిద్దే బిల్డ్ టూల్‌ను మాత్రం నమ్మకూడదు. పైగా అలా దిద్దినా, అప్పటికే తెరిచి ఉన్న టెర్మినల్‌లో ఆ ఫైల్‌ను మళ్లీ చదివించేదాకా పాత విలువలే ఉంటాయి.