వింబుల్డన్ తువాలు పుట్టుపూర్వోత్తరాలు

వింబుల్డన్ టెన్నిస్‌లో ఆటగాళ్లు మొహం తుడుచుకునే తువాళ్లు మా గుజరాత్‌లో తయారవుతున్నాయి. ఈ మాట మా సూరత్ బమ్రోలిలో చెబితే మరమగ్గాలు నడిపే మా సాంచాలవాళ్లే నమ్మరు. సిరిసిల్ల, వరంగల్, నల్లగొండల నుంచి సూరత్ వచ్చి స్థిరపడ్డ పద్మశాలీల్లో మా కుటుంబం ఒకటి. మేం నేసేది రంగు వేయని పాలిస్టర్ గ్రే బట్ట. అయినా తువాలు నేత కూడా నేతే కదా, దాని కథ మావాళ్లకు తెలియాలి.

1850లో హెన్రీ క్రిస్టీ అనే ఇంగ్లండు దొర టర్కీ వెళ్లి, అక్కడివాళ్లు చేత్తో నేసిన కుచ్చుల తువాలు వెంట తెచ్చాడు. మాంచెస్టర్ దగ్గర క్రిస్టీల మిల్లులో శామ్యూల్ హోల్ట్ అనే పనివాడు అలాంటిది మరమగ్గం మీద నేసే పద్ధతి కనిపెట్టాడు. 1851 లండన్ మహా ప్రదర్శనలో ఆ బట్టను ప్రదర్శించారు.

ఆ నేత కిటుకంతా పడుగులో ఉంది. మామూలు బట్టకు పడుగు చుట్టే బీము ఒకటి చాలు, దీనికి రెండు కావాలి. నేల పడుగు బిగువుగా, కుచ్చు పడుగు వదులుగా ఉంటుంది. రెండు పేకలు వేసినా పన్నె అనే దువ్వెన వాటిని చివరిదాకా కొట్టదు, కాస్త ఎడం ఉంచుతుంది. మూడో పేక పడగానే మూడింటినీ కలిపి ఒక్క దెబ్బ వేస్తుంది. అప్పుడు వదులు పోగు పైకి లేచి కుచ్చు అవుతుంది. చెమట పీల్చేది ఆ కుచ్చే.

ఇక వింబుల్డన్ పోటీలు 1877లో వర్పుల్ రోడ్డులో మొదలయ్యాయి. మొదటి ఫైనల్‌ను తలా ఒక షిల్లింగు ఇచ్చి సుమారు 200 మంది చూశారు. 1922లో మైదానం చర్చ్ రోడ్డుకు మారింది. జనం పెరగడంతో 1924 నుంచి టికెట్లకు లాటరీ పెట్టారు. అందులో పేరు రానివాళ్లకు ఆట రోజున క్యూలో నిలబడటమే దిక్కు. 1988 నుంచి ఆ పోటీలకు క్రిస్టీ తువాళ్లు వెళ్తున్నాయి. 2006లో క్రిస్టీ కంపెనీని మన దేశపు వెల్‌స్పన్ సంస్థ కొన్నది. ఆ తర్వాత సూరత్‌కు సుమారు 100 కిలోమీటర్ల దూరంలోని వాపిలో ఆ తువాళ్లు నేస్తున్నారు.

లండన్‌లో మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు నేనూ ఆ క్యూలో నిలబడ్డాను. తేదీ, నంబరు వేసిన కార్డు చేతికిచ్చారు. రాత్రంతా గుడారాల్లో పడుకున్నవాళ్లు మా ముందున్నారు. లోపలికెళ్లాక దుకాణంలో ఊదా, ఆకుపచ్చ రంగుల తువాలు పట్టుకుని అంచు తిప్పి చూశాను. కుచ్చు ఎక్కడా తప్పలేదు, అంచు ఎక్కడా వంకర పోలేదు. నేతగాడి కన్నుకు అంతకంటే పెద్ద సాక్ష్యం అక్కర్లేదు. 

గెలిచినవాళ్ల పేర్లు వింబుల్డన్‌లో బోర్డుల మీద రాసి ఉంటాయి. తువాలు నేసినవాళ్ల పేర్లు ఎక్కడా ఉండవు. వచ్చే జూలైలో టీవీ ముందు కూర్చున్నప్పుడు ఆ తువాలు వాపి కార్మికులు చేసిందని మీ పిల్లలకు చెప్పండి.