గోదావరి మడ అడవుల కొలత

గౌతమీ గోదావరి సముద్రములో కలియు చోట, కాకినాడకు దక్షిణమున కోరింగ మడ అడవులు గలవు. నది తెచ్చిన ఒండ్రు, సముద్రపు ఉప్పు కలిసిన ఆ బురదనేలలో సామాన్య వృక్షములు బ్రతుకజాలవు. మడచెట్టు తన వేళ్లను మేకులవలె బురదపైకి నిలిపి గాలి పీల్చుకొనును. పొన్న ఊతవేళ్లపై నిలబడును; దాని గింజ చెట్టున ఉండగనే మొలకెత్తును. ఈ అడవి అలల తాకిడిని తగ్గించును. చేపలకు, పీతలకు, రొయ్యపిల్లలకు ఆశ్రయమిచ్చి మత్స్యకారుల కూటిని నిలుపును. అట్టి అడవి పెరుగుచున్నదా, తరుగుచున్నదా? ప్రశ్న చిన్నదే. దానికి జవాబు చెప్పుట ఎంత కష్టమో సర్వేక్షణల చరిత్ర తెలుపుచున్నది.

తొలుత వృక్షశాస్త్రజ్ఞుల దృష్టి అడవి విస్తీర్ణముపై గాక, అందలి జాతులపై నుండెను. ఈస్టిండియా కంపెనీ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ 1781లో ఈ ప్రాంతమునకు చేరువనున్న సామర్లకోటకు వచ్చెను. 1793లో కలకత్తా వెళ్లువరకు ఈ తీరపు మొక్కలను సేకరించి, భారతీయ చిత్రకారులచే బొమ్మలు వేయించి, అనేక మొక్కలకు తెలుగు పేర్లను గూడ వ్రాసికొనెను. తరువాత 1847–1852 మధ్య ధవళేశ్వరము వద్ద ఆనకట్ట కట్టబడెను. డెల్టా పొలములు పండినవి. కాని వేసవిలో సముద్రము చేరు మంచినీరు తగ్గెను. 1944లో జె. వెంకటేశ్వర్లుగారు గోదావరి ముఖద్వారపు వృక్షజాతులను గూర్చి బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘము వారి పత్రికలో వ్యాసము ప్రకటించిరి. నీటిలో ఉప్పు హెచ్చినపుడు అన్ని జాతులు సమముగా నిలువవు. కనుక ఏ జాతి నిలిచినది, ఏది అరుదైనది అని నేడు తెలిసికొనుటకు ఇట్టి పాత జాబితాలే ఆధారము.

క్షేత్ర సర్వేక్షణ పద్ధతి చూచుటకు సులభము, చేయుటకు కష్టము. పాటు సమయమున పడవలో పాయవెంట వెళ్లి, ఒడ్డునుండి లోపలికి ఒక గీత గీసినట్లు నడువవలెను. ఆ గీతపై కొన్ని మీటర్ల చతురస్రములను గుర్తించి, వానిలోని ప్రతి చెట్టు జాతిని, చుట్టుకొలతను, మొలకల సంఖ్యను, నీటిలోని ఉప్పును వ్రాసికొనవలెను. ఒడ్డున ఒక జాతి, లోపల మరొకటి ఏల పెరుగునో అపుడు బోధపడును. కాని ఇట్లు నడచి డెల్టా నంతటిని కొలుచుట అసాధ్యము.

ఆ కొరతను ఉపగ్రహములు తీర్చినవి. 1972లో మొదటి లాండ్‌శాట్, 1988లో మన ఐ.ఆర్.ఎస్. 1ఎ ఆకాశమునకెగసెను. పచ్చని ఆకు సమీప పరారుణ కిరణములను బాగుగా వెనుకకు పంపును. నీరు వానిని పీల్చుకొనును. ఈ భేదమువలన అడవి హద్దు చిత్రములో తెలియును.

అయితే ఇక్కడనే ఒక చిక్కు గలదు. భారత అటవీ సర్వేక్షణ సంస్థవారి లెక్కలో ఆంధ్రప్రదేశ్ మడ అడవులు 1987లో 495 చదరపు కిలోమీటర్లు, 1989లో 405. రెండేండ్లలో 90 చదరపు కిలోమీటర్ల అడవి కూలినదా? అట్లు తలచుట పొరపాటు. మొదటి లెక్కకు వాడిన చిత్రములలో ఒక్కొక్క గడి 80 మీటర్లు. రెండవ దానిలో 30 మీటర్లు. పెద్ద గడిలో చెట్లు, పాయ, బురద ఒక్కటిగా కలిసిపోవును. మారినది అడవికన్న ముందు కొలబద్ద.

ఇక 2001లో లెక్క 333కు దిగెను. 1990 తరువాత రొయ్యల చెరువుల కొరకు తీరమున కొంత మడ నరకబడిన మాట నిజమే. కాని చిత్రమును కంటితో చదువుటకు బదులు కంప్యూటరుతో చదువుట దేశమంతటికి మొదలైనదియు ఆ లెక్కతోనే. చెరువుల పాలెంత, పద్ధతి పాలెంత అని అంకెలు తమంత తాము చెప్పలేవు. 2023 లెక్క 421 అని విని సంతోషించువారు గూడ ఈ సంగతి మరువరాదు.

పైగా ఉపగ్రహము పచ్చదనమును చూచునే గాని, అది పలుజాతుల పాత అడవియో, ఒకే జాతి నాటిన కొత్త తోటయో తేల్చుట దానికి కష్టము. పోటు సమయమున తీసిన చిత్రములో పొట్టి మొక్కలు నీట మునిగి కనబడకపోవచ్చును. అందుచేత చిత్రములో అనుమానమైన చోటికి మనిషి వెళ్లి చూచి సరిచేయుట ఇప్పటికిని తప్పనిసరి. ఎంత అడవి అనునది ఆకాశమునుండి తెలియును. ఏ అడవి అనునది మాత్రము బురదలో దిగినవానికే తెలియును. నాటిన మొక్కలు బ్రతుకునో లేదో, చెరువుకు అనుమతి ఈయవచ్చునో లేదో నిర్ణయించుటకు ఈ రెండు జ్ఞానములును కావలెను.