'వారసత్వం' నుంచి 'కారుణ్యం' వరకు: సింగరేణి ప్రశ్నలు, శాసనసభ భాష

సింగరేణి కాలరీస్ సంస్థలో రాష్ట్ర ప్రభుత్వ వాటా 51 శాతం, కేంద్రానిది 49 శాతం. అయినా మంచిర్యాల, బెల్లంపల్లి, చెన్నూరు సభ్యులు శాసనసభలో ఏది అడగవచ్చునో నిర్ణయించడంలో ఈ వాటాల కన్న రాజ్యాంగపు ఏడవ షెడ్యూలుకే ప్రాధాన్యం ఎక్కువ. గనులలో కార్మికుల భద్రత కేంద్ర జాబితాలోని 55వ అంశం; తనిఖీ అధికారం ధన్‌బాద్ కేంద్రంగా గల గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్‌ది. కనుక శ్రీరాంపూర్ గనిలో బండ కూలితే దాని కారణాన్ని రాష్ట్ర మంత్రి నుంచి రాబట్టడం సులభం కాదు. నియామకాలు, క్వార్టర్లు, ఆసుపత్రుల విషయం వేరు.

వీటిలో నియామకాల ప్రశ్నకు ప్రత్యేకమైన భాషాచరిత్ర ఉన్నది. కార్మికవాడల మాట 'డిపెండెంట్ ఉద్యోగం'. రాజకీయ వేదికల మాట 'వారసత్వ ఉద్యోగం'. 2016 నాటి వారసత్వ నియామకాల పథకాన్ని 2017లో ఉమ్మడి హైకోర్టు కొట్టివేసింది. సుప్రీంకోర్టు ఆ తీర్పులో జోక్యం చేసుకోలేదు. అటుపిమ్మట అధికార వ్యవహారంలో 'కారుణ్య నియామకం' స్థిరపడింది. ఇది కేవలం పర్యాయపదం కాదు. వారసత్వం అన్న మాటలో హక్కు ధ్వనిస్తుంది. కారుణ్యానికి కార్మికుని మరణమో, 'మెడికల్ అన్‌ఫిట్' ధ్రువీకరణమో కావాలి. పాత పదంతో అడిగిన ప్రశ్నకు 'ప్రశ్న ఉత్పన్నం కాదు' అని మంత్రి ముగించగల వీలు ఇక్కడే ఏర్పడింది. కొత్తగూడెం ప్రధాన ఆసుపత్రిలోని మెడికల్ బోర్డు ఎదుటకు ఎందరు వెళ్లారు, ఎందరిని అనర్హులుగా తేల్చారు అని అంకెలడిగే ప్రశ్నను మాత్రం అంత తేలికగా దాటవేయలేరు.